దుమ్ము మీటరు

“ఇంకోసారి చూడు తల్లీ!” అన్నాడు నాన్న.

చూసినా అంతే. చిప్పులు తయారయ్యే ఆ గదిలో గాలిలోని దుమ్మును కొలిచే మీటరు నలభై దగ్గరే మొరాయించింది. పది దాటితే సరుకంతా చెత్తబుట్టకే. వారం నుంచి ఇదే గోల. ఈ పూట సరుకు కూడా పాడైతే ఆర్డరు రద్దవుతుంది, కొత్త ఫ్యాక్టరీకి తాళం పడుతుంది.

“ఫిల్టర్లన్నీ మార్చాం. పనివాళ్లందరినీ బయటికి పంపేశాం. ఇక మిగిలింది మనిద్దరమే నాన్నా!”

“మరెక్కణ్ణుంచి ఊడిపడుతోంది ఈ దరిద్రం?”

తెల్ల సూట్లలో ఇద్దరికీ కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయన చిరాగ్గా ముంజేయి బరబరా గోక్కున్నాడు.

మీటరు అరవైకి ఎగబాకింది.

కూతురు మీటరునీ, ఆయన చేతినీ మార్చి మార్చి చూసింది. ఆ సూటు లోపలి చేతులు ఆమెకు తెలుసు. రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లు సర్క్యూట్ బోర్డులను యాసిడ్‌లో ముంచి తీసిన ఒట్టి చేతులవి. అప్పట్నుంచీ వాటి చర్మం పొట్టులా రాలుతూనే ఉంది.

“నాన్నా... నువ్వొక్కసారి బయట నిలబడతావా?”

“నేనా? నేను పెట్టిన ఫ్యాక్టరీలోంచి నన్నే...” అనబోయి, ఆమె చూపు తన చేతుల మీద ఉందని గమనించాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ముప్పై. పన్నెండు. మూడు.

అద్దానికి అవతల ఆయన సూటు విప్పేసి, రెండు చేతులూ అద్దానికి ఆనించి, ఎంతన్నట్టు తలెగరేశాడు. ఆమె ఏడుస్తూనే మూడు వేళ్లు చూపించింది.

ఆయన గబుక్కున అద్దం మీంచి చేతులు తీసేసి, వీపు వెనక దాచుకున్నాడు.