బొగ్గు వయసు

“మళ్ళీ వాడి చేలోకేనా కారు?”

రామాంజనేయులు మిరప మొక్కల మధ్యనుంచి లేచి నిలబడ్డాడు. పురావస్తు శాఖ తేజశ్రీ మేడం నేరుగా కోటేష్ దగ్గరికే వెళ్ళింది. కోటేష్ ఆయన సొంత బావమరిది. ఇద్దరి చేలకీ మధ్య గట్టొకటే అడ్డం. నీటిగుంట తవ్విస్తుంటే వాడికి పాత బొగ్గు, కుండపెంకులు బయటపడ్డాయి. అంతే, సత్తెనపల్లిలో ఏ టీకొట్టు దగ్గర విన్నా వాడి మాటే!

దేవుడికి గట్టు ఇవతల చోటే దొరకలేదా? ఉండబట్టలేక రామాంజనేయులూ వెళ్ళాడు.

“బొగ్గు చూసి వయసెలా చెప్తారమ్మా?”

“చెట్టు బతికున్నన్నాళ్ళూ గాల్లోని కార్బన్ తీసుకుంటుందండీ,” అంది తేజశ్రీ. “చచ్చాక అందులోని రేడియోధార్మిక కార్బన్ కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ఎంత మిగిలిందో ల్యాబులో కొలిస్తే వయసు తేలుతుంది. సోమవారం వచ్చి పట్టుకెళ్తాం.”

ఆమె వెళ్ళగానే కోటేష్ మీసం దువ్వాడు. “అంతా గోతంలో వేసి గట్టు మీదే పెట్టా బావా. పేపర్లో నా ఫోటో వేస్తారంట!”

“వేస్తార్లేరా, వేస్తారు,” అని పళ్ళు నూరాడు రామాంజనేయులు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, ఆ బొగ్గూ పెంకులూ తన చేలో లోతుగా పూడ్చేశాడు. గోతంలో తన పొయ్యిలోని పత్తికట్టె బొగ్గూ, పెరట్లో పగిలిన కుండ పెంకులూ నింపాడు. వాడి పరువు పోవాలి, తన పేరు మోగాలి! మర్నాడు “మా చేలోనూ ఏదో తగుల్తోందమ్మా” అని తనే మేడంని పిలిచాడు.

రెండు చేల బొగ్గూ ల్యాబుకెళ్ళి, కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. కోటేష్ బొగ్గు మొన్నమొన్నటిదట. రామాంజనేయులుది రెండున్నర వేల ఏళ్ళ నాటిదట! ఊరంతా కోటేష్‌ని చూసి నవ్వింది. రామాంజనేయులుకి దండ వేసింది. కోటేష్ కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు. ‘పాపం, ఏడుపు దాచుకుంటున్నాడు’ అని మురిసిపోయాడు రామాంజనేయులు.

“తవ్వకాలు పూర్తయ్యేదాకా ఇక్కడ సాగు ఆపాలండీ,” అంది తేజశ్రీ.

“ఆపాలా! ఎన్నాళ్ళమ్మా?”

“ఏళ్ళే పట్టొచ్చండీ.”

రామాంజనేయులు గట్టు మీద కూలబడ్డాడు. ఇల్లు గడిచేది ఆ చేను మీదే. కోటేష్ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా అన్నాడు.

“సాగు ఆపాలని నాకు మేడం మొదటి రోజే చెప్పారు బావా. అందుకేగా గోతం గట్టు మీద పెట్టింది!”