చీటీ అన్న

చెప్పుల అట్టపెట్టెకు పైన గాటు పెట్టి, చుట్టూ తెల్లకాగితం అంటించి, పాస్టర్ దయానంద్ దాన్ని బల్ల మీద ఉంచాడు. సంఘ పెద్ద సుబ్రమణ్యం మొహం చిట్లించాడు.

"దేవుని మందిరంలో చెప్పుల డబ్బానా అయ్యగారూ?"

"పిల్లోళ్ళు రావాల గదా సార్."

అంతకుముందు శనివారం యువకుల కూటానికి వచ్చింది ఐదుగురే. తిరుపతిలో ఆ వయసువాళ్ళకు శనివారం సాయంత్రం వేరే పనులు చాలా ఉంటాయి. దయానంద్ గిటారు తెప్పించాడు. సమోసాలు పెట్టించాడు. సమోసాలు అయిపోగానే వాళ్ళూ మాయమయ్యేవారు. ఇక మిగిలింది ఈ పెట్టె.

పద్ధతి కొత్తది. మనసులో ఉన్న ప్రశ్న ఏదైనా చీటీ మీద రాసి పెట్టెలో వేయొచ్చు. పేరు అక్కర్లేదు. నర్సింగు చదువుతున్న కృపారాణి తీసి చదువుతుంది. జవాబు మాత్రం పాస్టరు చెప్పడు. వచ్చినవాళ్ళే చెప్పుకోవాలి.

"మీరు చెప్పకుంటే ఎట్ల అయ్యగారూ?" అంది కృపారాణి.

"ఆదివారమంతా నేనే చెప్తా ఉండాను గదమ్మా. శనివారమన్నా నన్ను విననీ."

మొదటి వారం మూడు చీటీలు వచ్చాయి. సినిమాకు పోతే పాపమా అని ఒకటి. వేరే కులం పిల్లను ప్రేమిస్తే మందిరంలో పెండ్లి చేస్తారా అని ఇంకొకటి. మూడోది వంకరటింకర అక్షరాలతో ఉంది.

"ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టుండాది. మూడేండ్లుగా ఇంతే. అయినా ఆదివారం తప్పకుండా వస్తా ఉండాను. నేను దొంగనా?"

చీటీ మడుస్తూ కృపారాణే అందుకుంది.

"జొరమొచ్చినోళ్ళకు నోరు సేదుగా ఉంటాది. అట్లని కూడు మానిపిస్తామా? దొంగా కాదు, ఏమీ కాదు. వచ్చి కూసోమనండి. నోటికి రుచి తెలిసేదాకా ఆ మనిషి వంతు ప్రార్థన మనం చేద్దాం."

అందరూ తలలు వంచారు. ప్రార్థన అయ్యాక చూస్తే దయానంద్ కళ్ళు తడిగా ఉన్నాయి. మా అయ్యగారిది ఎంత జాలిగుండె అనుకున్నారు పిల్లలు.

ఆ అక్షరాలు ప్రతి వారం వచ్చాయి. రాసేవాడికి వాళ్ళే పేరు పెట్టుకున్నారు, చీటీ అన్న. చీటీ అన్న ఏం రాశాడో వినడానికి కొందరు, జవాబు చెప్పడానికి కొందరు వచ్చి చేరారు. ఎనిమిదో వారానికి నలభైమంది అయ్యారు. పక్క సంఘాల పాస్టర్లు వచ్చి పెట్టె కొలతలు తీసుకుని పోయారు.

సుబ్రమణ్యానికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎనిమిదో శనివారం తెల్లకాగితాల కట్టతో వచ్చాడు.

"మన మధ్యన ఒక అవిశ్వాసి ఉండాడు. వాడెవుడో ఈ పొద్దు తేలాల. అందురూ తలా ఒక వాక్యం రాసియ్యండి. దస్తూరి నేను సూస్తాను. తేలకుంటే పెట్టె తీసేస్తాం, కూటమూ ఆపేస్తాం."

"పేరు అడగమని మాటిచ్చినాను సార్," అన్నాడు దయానంద్.

"మాట మీరిచ్చినారు. సంఘం కమిటీ ఇయ్యలేదు."

కాగితాలు చేతులు మారుతున్నాయి. దయానంద్ మొహం చెమటతో తడిసిపోయింది. అప్పుడు తలుపు దగ్గరి కుర్చీలోంచి అమర్‌నాథ్ లేచాడు. బస్టాండు నుంచి అలిపిరికి జీపు తోలే కుర్రవాడు. బయట జీపు మీద కన్నేసి ఉంచాలని ప్రార్థనలో కూడా కళ్ళు మూయడు. అందరికీ అనుమానం అతని మీదే.

"కాగితాలెందుకు సార్? ఆ చీటీలు రాసింది నేనే."

సుబ్రమణ్యం ఏదో అనబోయాడు. ఈలోగా కృపారాణి వెళ్ళి అమర్‌నాథ్ పక్కన నిలబడింది. ఆమె వెనుక ఇంకొకరు, వాళ్ళ వెనుక అందరూ. నలభైమంది చుట్టూ చేరి అతని తల మీద, భుజాల మీద చేతులు పెట్టారు. పెద్దాయన కాగితాలు చంకలో పెట్టుకుని తనూ ఒక చెయ్యి వేశాడు. ప్రార్థన చేయమని దయానంద్‌ను పిలిచారు. అతను కృపారాణికి సైగ చేశాడు. కృపారాణే చేసింది.

పెట్టె నిలిచింది. కూటమూ నిలిచింది.

అందరూ వెళ్ళాక దయానంద్ జీపు దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు సెప్పినావప్పా అట్ల?"

అమర్‌నాథ్ నవ్వాడు. "మీకు తెలిసిపోయిందా అయ్యగారూ? నేను రాయలేదు. నాకు దేవుడి మీద ఏ అనుమానమూ లేదు. మా జీపు బ్రేకులుండే తీరుకు నేను పొద్దంతా ప్రార్థనలోనే ఉంటాను."

"మరి?"

"రాసినోడు ఆ గదిలోనే ఉండాడు గదా. దస్తూరి సూస్తే దొరికిపోతాడు. దొరికినాక మళ్ళీ ఈడికి వస్తాడా? ఎవురో గానీ, పాపం. మీకు తెలిస్తే ఏమీ అనబాకండి."

అననని దయానంద్ తలూపాడు గానీ, ఎనిమిది వారాలుగా ఎడమచేత్తో ఆ చీటీలు రాస్తున్నది తానేనని మాత్రం చెప్పలేకపోయాడు.