బెండమడి సంబంధం

ఒక పెరట్లో వంగమడీ బెండమడీ పక్కపక్కనే ఉండేవి. ఎప్పుడో ఇద్దరు కందిరీగ అక్కచెల్లెళ్లు అక్కడికి వచ్చారు. అక్క వంగమొక్కల మీది గొంగళిపురుగుల్లో గుడ్లు పెట్టింది, చెల్లెలు బెండమొక్కల మీది పురుగుల్లో పెట్టింది. పిల్లలు ఆ పురుగుల్ని లోపల్నుంచే తిని పెరిగి, బయటికొచ్చి, ఎవరు పుట్టిన మడిలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు. అలా తరాలు గడిచాయి.

ఒకనాడు బెండమడి కుర్రాడొకడు పిల్లనడగడానికి వంగమడికి వచ్చాడు. ఆకు మీద కూర్చున్న పెద్దావిడ మీసాలు ఆడించి వాసన చూసింది.

"ఛీ, బెండ కంపు! మేం వంగపురుగులో పుట్టినవాళ్లం. మీతో మాకు సంబంధమేమిటి?"

"మన ముత్తవ్వలు అక్కచెల్లెళ్లట కదండీ!"

"అవన్నీ కట్టుకథలు. వెళ్లు!"

కుర్రాడు తల దించుకుని ఎగిరిపోయాడు.

ఆ ఆకు మీదే, ఆవిడ పిల్లల్ని కడుపులో మోస్తున్న గొంగళిపురుగు నీరసంగా అడిగింది. "అమ్మా, బెండమడిలో మా మేనత్తనూ వాళ్లు ఇలాగే తిన్నారు. తేడా ఎక్కడుంది?"

"తిండికి కూడా మాటలొచ్చాయి!" అని కసిరి, ఆవిడ కూడా వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే చీమ తలంత కందిరీగ ఒకటి వచ్చి వాలింది. పురుగు పొట్టలోకి సూది దించి, లోపలున్న పెద్దావిడ పిల్లల్లో తన గుడ్లు పెట్టింది.

"నువ్వెవరమ్మా?" అంది పురుగు.

"వంగమడి కందిరీగ పిల్లల్ని తిని పెరిగే వంశం మాది," అంది చిన్నది గొప్పగా. "బెండమడి పిల్లల్ని తినేవాళ్లింట్లో మేం మంచినీళ్లైనా ముట్టం."

పురుగు పగలబడి నవ్వాలనుకుంది. నవ్వడానికి పొట్ట మిగల్లేదు.