నాలా ఒడ్డున చెత్త

విద్యార్థులకు పౌరబాధ్యత నేర్పాలని, కాలనీ సంఘం కాలేజీతో కలిసి నాచారం బస్తీ మురుగునాలాను వాళ్ళతో శుభ్రం చేయించింది. సంఘం అధ్యక్షుడు పట్టాభిరామయ్య పొద్దున్నే మైకులో ప్రసంగించి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఒడ్డంతా తేటపడింది. అంతలో కాలనీ సంఘం ట్రాక్టరు వచ్చి అక్కడే చెత్త కుమ్మరించింది.

"రోజూ గిట్లనే పోస్తున్నరు బిడ్డా," అంది బస్తీ అవ్వ.

సుష్మకు ఒళ్ళు మండింది. తోటి విద్యార్థులతో చెత్తంతా మళ్ళీ ట్రాక్టరుకెత్తించి, అధ్యక్షుడి గేటు ముందు పోయించింది. డ్రైవరు ఆమె ముఖం చూసి, చెప్పినచోటికే బండి తోలాడు.

పట్టాభిరామయ్య ఊగిపోతూ బయటికొచ్చాడు. "ఎవరిచ్చారే నీకింత ధైర్యం?"

"మీరే. అన్యాయం కనబడితే ఊరుకోవద్దని మైకులో చెప్పారుగా!"

"అరవకు. అందరూ చూస్తున్నారు, లోపలికి రా!"

"చూడనివ్వండి. బస్తీకి ఆ ట్రాక్టరు వెళ్ళినన్నాళ్ళూ నేనీ ఇంట్లో అడుగుపెట్టను నాన్నా."