ర్యాంపు మీద పాదాలు

"ఎవడు తొక్కిండురా దీన్ని?"

సదానందం కేక హనుమకొండ బజారంతా వినబడింది.

అతని చీరల దుకాణం ముందు నిన్న పొద్దుగూకే వేళ కాంక్రీటు ర్యాంపు పోయించాడు. కొమురెల్లి మేస్త్రి తాపీతో అద్దంలా నున్నగా తీర్చి వెళ్లాడు. తెల్లారి చూస్తే దాని మీద చిన్న చిన్న పాదాల గుర్తులు. కింది నుంచి షట్టరు ముందున్న అరుగు దాకా. రాయిలా గట్టిపడ్డాయి.

నిన్న ఎంత కాపలా కాశాడు పాపం! కుక్కల్ని తరిమాడు. మేస్త్రికి చాయ్ తెచ్చిన భార్య శోభారాణిని కూడా రోడ్డు మీదే ఆపేశాడు.

ఆమెను ఆపడం అతనికి అలవాటే. ఆ దుకాణానికి వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. రాకూడనిది ఇంటావిడ ఒక్కతే. ఇంటి ఆడది గల్లా దగ్గర కూర్చుంటే లక్ష్మి అలిగి పోతుందని తండ్రి చెప్పిన మాట. గిరాకీ తగ్గింది, నేనొచ్చి కూర్చుంటానని శోభారాణి ఎన్నేళ్లుగా అడిగినా ఒకటే జవాబు: "నీకెందుకు ఫికర్? వంట సంగతి చూస్కో."

"కొమురెల్లీ, పగలగొట్టు. మళ్ల పోద్దాం."

కొమురెల్లి సుత్తె ఎత్తాడు.

"శుక్రవారం పొద్దుగాల్నే సుత్తె దెబ్బలేందండి?" అంది శోభారాణి, ఇంటి సందు మొదట్లో నిలబడి.

పక్కనున్న స్టీలు సామాన్ల శ్యాంసుందర్ వంగి చూశాడు. గబుక్కున చెప్పులు విడిచాడు.

"జర ఆగరా సదానందం! లోపలికి పోయిన అడుగులే గని, బయటికొచ్చిన అడుగు ఒక్కటన్న ఉన్నదా? శుక్రవారం. గింత చిన్న పాదాలు. ఎవరనుకుంటున్నవ్?"

సదానందం నోరు తెరిచాడు. "లక్ష్మమ్మనా?"

"నా దుకాణం పక్కనే ఉన్నది. అయినా నీ దానికే ఎక్కింది. నీ నసీబు!"

సుత్తె పక్కకు పోయింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ వచ్చాయి. పాదాలు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు పనిలో పనిగా చీరలూ చూశారు. మధ్యాహ్నానికి సదానందానికి మడతలు విప్పడమే తప్ప మళ్లీ పెట్టే తీరిక లేదు.

"శోభా, వచ్చి గల్లా కాడ కూసో. నాతోని అయితలేదు."

"అమ్మో, లక్ష్మి అలుగుతదేమో!"

"అలిగేదైతే నడుసుకుంట వస్తదా? మా బాపుకు ఎవరో తప్పు చెప్పిన్రు. దా, ముందుగాల మొక్కుదాం."

సదానందం ర్యాంపు మీద సాష్టాంగపడి, ఆ పాదాలకు నుదురు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

శోభారాణి అతని పక్కనే కూర్చుని, మెట్టెల సందున గట్టిపడ్డ కాంక్రీటు కనబడకుండా చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.