అంటుజబ్బు

రేషను మీద ఇచ్చే కంట్రోలు బట్టల కోసం నిలబడ్డ జనం ముందే, కొట్టు యజమాని సాంబమూర్తి తనకు క్షవరం చేసే ముసలి పోలయ్యను కర్రతో బాదాడు.

“నీ కత్తి వల్లే నా తలకి ఈ రోగం అంటింది!”

పోలయ్య కుడి మణికట్టు పటుక్కున విరిగింది. కత్తుల పెట్టె పక్క కాలువలో పడింది. అతను నోరు విప్పలేదు.

బెజవాడ డాక్టరు సాంబమూర్తి తల మీది పొలుసులు చూశాడు. “ఇది సోరియాసిస్ అండీ. అంటుజబ్బు కాదు, తరచు వంశంలో వస్తుంది. పూర్తిగా పోదు గానీ, తారు మందు రాస్తే అణిగి ఉంటుంది.”

సాంబమూర్తి తిన్నగా పోలయ్య ఇంటికెళ్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“మా నాన్నకి కడదాకా క్షవరం చేసింది నువ్వేగా. ఆయనకీ ఉండేదా పోలయ్యా? కొడుతుంటే ఒక్క ముక్క చెప్పొచ్చుగా!”

“పోయేముందు ఆయన నాచేత ఒట్టేయించుకున్నారు బాబూ,” అన్నాడు పోలయ్య. “నన్నడక్కండి.”