నాస్టీ అంటే ఏంటండీ?

"నాస్టీ!" అంది డాక్టరమ్మ, పాదానికున్న గుడ్డ విప్పగానే.

సుభద్ర గుండె ఝల్లుమంది.

మంచం మీద ఆమె భర్త బసవపున్నారావు ఒళ్ళెరగని జ్వరంతో మూలుగుతున్నాడు. మామిడికాయలు సర్దే చెక్కపెట్టె మేకు కాల్లో దిగింది. అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలం, ముసునూరులో వాళ్ళ తోట కోత మీదుంది. కాయ ఆగదు, కాలు ఆగుతుందిలే అనుకుని ఆకుపసరు కట్టుకుని తిరిగాడు. ఇవాళ పొద్దున మంచం దిగలేకపోయాడు. పాదం ఉబ్బి నల్లబడింది. బాడుగ జీపులో నూజివీడు ఆసుపత్రికి తెచ్చేసరికి మాట కూడా ముద్దగా వస్తోంది.

కేరళ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు తెలుగు రాదు. సుభద్రకు ఇంగ్లీషు రాదు. రెండూ తెలిసిన నర్సు రమణమ్మ ఆపరేషన్ గదిలో ఉంది.

డాక్టరమ్మ ఏదో అడిగింది. సుభద్ర వెర్రిచూపులు చూసింది. డాక్టరమ్మ అదే మాట ఇంకాస్త గట్టిగా అడిగింది.

"కాలికి ఏం కట్టారని అడుగుతున్నారమ్మా."

వరండా బెంచీ మీద కూర్చున్న ఒక నడివయసావిడ లేచి గుమ్మంలోకి వచ్చింది. నలిగిన నేతచీర, రేగిన జుట్టు. ఆసుపత్రి మనిషే కాబోలు అనుకుంది సుభద్ర.

"పసరండీ. ఆకుపసరు."

ఆవిడ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"డిస్‌గస్టింగ్!"

"ఏంటండీ? ఏమంటోంది?"

"పసరు కట్టినందుకు కోప్పడుతున్నారు."

"ఇందాక నాస్టీ అంది. నాస్టీ అంటే ఏంటండీ?"

"పుండు పాడుగా ఉందని."

"పాడంటే? కాలు తీసెయ్యాలా?"

"ఆ మాట అన్లేదమ్మా."

డాక్టరమ్మ వంగి వాసన చూసింది. "ఆఫుల్" అంది. వేలితో నొక్కింది. పున్నారావు కెవ్వుమన్నాడు. "హారిబుల్" అని తనలో తను గొణుక్కుంది.

సుభద్ర ఆవిడ దగ్గరికి జరిగింది. అర్థమైన మాటకు ఏడ్చి ఊరుకోవచ్చు. అర్థంకాని మాటకు ఎంతని ఏడవాలి?

"ఆఫుల్ అంటే?"

"వాసన భరించలేకుండా ఉందని."

"హారిబుల్?"

"అదీ అలాంటిదే."

"అన్నీ అలాంటివేనా? ఆవిడ అన్ని మాటలంటుంటే మీరు ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. నా దగ్గరేదో దాస్తున్నారు!"

"దాచట్లేదమ్మా. గిట్టనిదాన్ని తిట్టడానికి ఇంగ్లీషులో బోలెడు మాటలు. అవన్నీ పుండునే, మనిషిని కాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "డాక్టరమ్మ ఇలా విసుక్కుంటున్నారంటే చెయ్యాల్సిన పని ఉందన్నమాట. ఏమీ చెయ్యలేనప్పుడు తిట్టరు. మెల్లిగా సారీ అంటారు. అంతే."

సుభద్రకు ఎక్కడలేని ఉక్రోషం ముంచుకొచ్చింది.

"మీకేమండీ, ఎన్నయినా చెప్తారు! మీవాళ్ళెవరైనా ఇలా పడుంటే తెలిసేది!"

ఆవిడ మంచం పట్టీని ఒక చేత్తో పట్టుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ ఏదో అడిగింది. ఆవిడ పున్నారావు మీదికి వంగింది.

"దవడ బిగుస్తోందా బాబూ? ఏదీ, ఒకసారి నోరు తెరవండి."

అతను తెరిచాడు. డాక్టరమ్మ తల పంకించి, ఆయా తెచ్చిన పళ్ళెంలోంచి కత్తి అందుకుంది.

సుభద్ర వెనక్కి తగ్గింది. ఆవిడే ముందుకొచ్చి పున్నారావు భుజాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుంది. రెండో చేత్తో సుభద్ర మణికట్టు పట్టుకుంది.

"అటు చూడకు తల్లీ. నావైపు చూడు. నన్నే చూడు."

పున్నారావు కేక వార్డంతా మారుమోగింది. చీము, నల్లటి నెత్తురు, వాటి వెనకే విరిగిన మేకు ముక్క పళ్ళెంలో టంగున పడింది.

డాక్టరమ్మ ఊపిరి వదిలి ఏదో అంది.

సుభద్ర బిగుసుకుపోయింది. "ఇప్పుడేమంది?"

"గుడ్ అన్నారు" అంది ఆవిడ. "కాలికి భయం లేదట. ఇంజెక్షన్లకు జ్వరం కూడా తగ్గుతుందట."

సుభద్ర మొగుడి కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది. తల ఎత్తేసరికి ఆవిడ అక్కడ లేదు.

మధ్యాహ్నానికి పున్నారావుకు చెమట పట్టింది. కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. గుక్క తిప్పుకోగానే, "కాయ కోశారా?" అన్నాడు.

"కోస్తారు లెండి, ముందు మీరు పడుకోండి" అంది సుభద్ర, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో.

మనసు కుదుటపడ్డాక తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. సాయం చెయ్యడానికొచ్చిన మనిషిని ఎంతమాట అంది! ఎదురుగా కొట్లో గ్లాసుడు కాఫీ పోయించుకుని వరండాలోకి వచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది.

నర్సు రమణమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"నర్సమ్మగారూ, డాక్టరమ్మ మాటలు తెలుగులో చెప్పే ఆవిడ ఏరండీ? డ్యూటీ దిగిపోయారా? పొద్దున కంగారులో నోరు జారాను. ఏమీ అనుకోవద్దని చెప్పుకోవాలి."

"అలాంటి ఉద్యోగం ఇక్కడెవరికీ లేదే! ఎలా ఉంటారు?"

"నేతచీర కట్టుకున్నారు. ఇదిగో, ఈ బెంచీ మీదే కూర్చున్నారు."

రమణమ్మ మొహం వాడిపోయింది. ఒక్క క్షణం గేటు వైపు చూసింది.

"ఆవిడ పుష్పవతిగారమ్మా, మైలవరంలో టీచరు. మీ ఆయన పడుకున్న మంచం మీదే తెల్లారగట్ల వాళ్ళాయన పోయారు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళే వ్యాను వచ్చేదాకా ఇక్కడే కూర్చున్నారు, పాపం."